ఆదివారం ఆరింటికి గుండ్రటి అరుగు

దేవుడు చల్లనివాడు. ఒకరికి గొంతిస్తాడు, ఒకరికి చేతిపని ఇస్తాడు, ఏమిచ్చి పంపాలో తోచని మనిషికి నోరిచ్చి పంపిస్తాడు. మన కుర్చీల మామయ్యకి అలా నోరిచ్చాడు. కొలిచి ఇచ్చాడా అంటే అదీ లేదు, గిన్నెతో సహా ఒంపేశాడు.

మామయ్య దగ్గర నాలుగు వందల ఇనప మడత కుర్చీలున్నాయి. ఒక్కోదాని వీపు మీద పసుపు రంగుతో ఒక్కో అంకె. పెద్ద పార్కులో ముప్ఫై ఏళ్లుగా ఏ సభ జరిగినా, ఎవరి పుట్టినరోజు జరిగినా, ఎవరికి శాలువా కప్పినా ఆ కుర్చీలే. పొద్దున వేసేదీ ఆయనే, అందరూ వెళ్లాక మడతపెట్టి బండికెత్తేదీ ఆయనే. ఇంతమందిని కూర్చోబెట్టిన మనిషి తన ఇంటి పని అంటూ ఆ పార్కులో ఒక్క కుర్చీ వేసుకున్న పాపాన పోలేదు.

ఆ రోజు మధ్యాహ్నం మూడున్నరకి పార్కు గేటు ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర నిలబడ్డాడు. చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన దరఖాస్తు ఉంది. పార్కు మధ్యలో పచ్చికలో గుండ్రటి రాతి అరుగొకటి ఉంది కదా, దాన్ని రెండు గంటల సేపు ఎవరైనా రాయించుకోవచ్చు. కాకపోతే ఒక నియమం. ఇదివరకు జనం అరుగు రాయించుకుని రాకుండా పోయేవాళ్లు. అరుగు ఖాళీగా ఉండేది, కావలసినవాళ్లు గేటు బయట ఉండేవాళ్లు. అందుకని ఆఫీసువాళ్లు 'మేము తప్పక వస్తాం' అని పాతికమంది సంతకాలు పెడితేనే అరుగిస్తామన్నారు. వచ్చే ఆదివారం సాయంత్రం ఆరింటికి ఎవరో మానుకున్నారు. ఆ ఒక్కటే ఖాళీ. కౌంటరు అయిదింటికి మూస్తారు. మామయ్య కాగితం మీద ఇంకా ఒక్క సంతకమూ లేదు.

ఆ అరుగు ఎందుకంటే, ఆవిడ కోసం.

అత్తయ్య కుట్టుమిషను మీద కుర్చీలకి గుడ్డ తొడుగులు కుడుతుంది. తొక్కుతున్నంతసేపూ పాడుతుంది. మిషను చప్పుడులో తన పాట ఎవరికీ వినపడదని ఆవిడ ధీమా. కాలు ఆగితే పాటా ఆగుతుంది. మామయ్య ఇవతలి గదిలో తుప్పు గీకే కాగితం పట్టుకుని, గీకడం మానేసి, గోడకి చెవి ఆనించి ముప్ఫై ఏళ్లు విన్నాడు. ఒక్కసారి మాత్రం ఉండబట్టలేక గుమ్మంలోంచి తొంగిచూశాడు. మిషను టక్కున ఆగింది. "ఏం కావాలి?" అంది ఆవిడ. "మంచినీళ్లు" అన్నాడు ఈయన. దాహం లేకపోయినా చెంబెడు నీళ్లూ తాగి బయటికొచ్చాడు. మళ్లీ తొంగిచూస్తే ఒట్టు.

ఈ మధ్య ఆవిడ గొంతులో గడ్డ ఉందని తేలింది. ఆ ఆదివారం దాటాక వచ్చే బుధవారం ఆపరేషను. "ప్రాణానికేం భయం లేదు. గొంతు మళ్లీ ఇలాగే ఉంటుందని మాత్రం చెప్పలేం" అన్నాడు డాక్టరు. ఆ సాయంత్రం ఆవిడ పంటితో దారం కొరుకుతూ, మొహం పైకెత్తకుండా, "ఈలోపు ఒక్కసారి నలుగురి ముందూ పాడాలనుందండీ. మిషను లేకుండా" అంది.

కాపురానికొచ్చిన ముప్ఫై ఏళ్లలో ఇది కావాలని ఆవిడ నోటంట వచ్చిన మొదటి మాట అది.

మరి ఆ పాతికమందినీ అడిగితే పోయేది కదా అంటారు. అక్కడే వచ్చింది చిక్కు. ఈయనకి చెప్పడమే గానీ అడగడం రాదు. పొద్దున ఇస్త్రీ బాబాయ్ దగ్గరికెళ్లి కాగితం చాపాడు. "ఏంటి మామయ్యా, పార్కు నా పేర రాసేస్తున్నావా?" అని నవ్వాడు బాబాయ్. కాదు, సంగతిదీ అని చెప్పాలి. చెప్పాలనే నోరు తెరిచాడు. నోరు తెరిస్తే ఏమొచ్చింది? "సగం నీకు, సగం నాకు. బాతుల చెరువు మాత్రం నేనివ్వను" అనొచ్చింది. బాబాయ్ పగలబడి నవ్వి ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఊదుకున్నాడు. కాగితం జేబులోకి తిరిగొచ్చేసింది.

అందుకని మామయ్య ఇంకో ఉపాయం ఆలోచించాడు. ముందు ఒక కథ ఎత్తుకోవాలి, జనం పోగవ్వాలి, పాతిక తలలు లెక్కకి రాగానే కథ ఆపి కాగితం తియ్యాలి. కుర్చీలు వేసేవాడికి తలలు లెక్కపెట్టడం చూపుతో పని. కొట్టు చుట్టూ చూశాడు. ఎనిమిది.

"ఈ పార్కులో అరుగు రాయించుకోవాలంటే మామూలువాళ్లకి మూడు నెలలు పడుతుంది" అన్నాడు, గ్లాసు పైకెత్తి టీని వెలుగులో చూస్తూ. "నేను మొన్నామధ్య ఎంతసేపట్లో రాయించుకున్నానో చెప్పుకోండి చూద్దాం."

"మొదలెట్టాడు మహానుభావుడు" అంది టీకొట్టు అక్క, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ. "ఎంతసేపట్లో?"

"అరగంట."

"అరగంటేనా!" ఇస్త్రీ బాబాయ్ కూడా అప్పుడే టీకి వచ్చాడు. "క్యూ లేని రోజు వెళ్తే నాకూ అరగంటే."

"క్యూ లేని రోజా? ఒరే నాయనా, ఆ రోజు క్యూ తల పార్కు ఆఫీసులో ఉంటే తోక మా ఇంటి గుమ్మం ముందుంది! నేను పొద్దున్నే పాలకని తలుపు తీసి కాలు బయట పెట్టాను, పెట్టేసరికి క్యూలో ఉన్నాను. వెనక్కి తిరుగుదామంటే నా వెనకాల అప్పటికే నలభైమంది. సరే దైవేచ్ఛ అని పాలగిన్నె పట్టుకునే నడిచాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆఫీసరు నన్ను చూశాడు, ఉలిక్కిపడి లేచాడు. 'మీరు నిలబడి ఉండగా నేను కూర్చోవడమా' అని తన కుర్చీ నా ముందుకి జరిపాడు. కూర్చోబోతూ దాని వీపు చూద్దును కదా, పసుపు అంకె! నూట పద్నాలుగు! ఆరేళ్ల కింద ఎవరిదో పదవీ విరమణ సభలో పోయిన నా కుర్చీ!"

కొట్టంతా నవ్వు. రోడ్డు మీద పోతున్నవాళ్లు ఇద్దరు ఆగారు, వాళ్లని చూసి ఇంకో ముగ్గురు ఆగారు.

"దొరికిపోయాడు కదా, ఇంకేమంటాడు? 'అయ్యా, అరుగేం సరిపోతుంది మీకు, పార్కంతా తీసుకోండి' అన్నాడు. 'బాతులు?' అన్నాను. 'బాతులతో సహా' అన్నాడు. 'నీడ?' అన్నాను. అక్కడ కాస్త నసిగాడు. నీడ వేరే శాఖట! నేనూరుకుంటానా? కాగితం మీద నా చేత్తో రాశాను, చెట్లన్నిటి నీడతో సహా అని."

"ఇంతకీ అంత పార్కు దేనికి మామయ్యా? ఏం పని ఇంట్లో?" అడిగింది టీ అక్క.

మామయ్య ఇంకో గుక్క టీ తాగాడు. "చెప్తా చెప్తా, కంగారెందుకు" అన్నాడు. పదమూడు.

అప్పుడొచ్చింది కండక్టరమ్మ. పార్కు మలుపులోనే ఆవిడ బస్సు ఆగుతుంది, నాలుగున్నరకి మళ్లీ బయల్దేరుతుంది. భుజాన టికెట్ల సంచి, చెవి మీద పెన్ను. ఈలోపు టీ తాగుదామని వస్తే ఇక్కడ ఈ సంబరం. పక్క దుకాణాలవాళ్లు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు, బడినుంచి పిల్లల్ని తీసుకెళ్తున్న తల్లులు, ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. మామయ్యకి ఊపొచ్చింది.

"కుర్చీలు వెయ్యడం మొదలెట్టా. జనం వస్తూనే ఉన్నారు. పచ్చిక నిండింది, బాట నిండింది, చెరువు గట్టు నిండింది, గేటు దాటి రోడ్డు మీదికొచ్చేశా. బస్సొచ్చింది. దారేది? డ్రైవరు బస్సాపాడు, దిగాడు, ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చున్నాడు!"

"ఏ నంబరు బస్సు?" అంది కండక్టరమ్మ.

"నీదేనమ్మా."

"మరి నేనేమయ్యాను?"

"మూడో వరసలో లేవూ! నాకు చెయ్యి కూడా ఊపావు, మర్చిపోయావా?"

"మతిమరుపు ఎక్కువైపోయింది నాకు" అందావిడ. నవ్వు ఈ చివరి నుంచి ఆ చివరికి పోయింది.

"నీకున్నవి నాలుగు వందల కుర్చీలు కదా మామయ్యా!" అరిచాడు ఇస్త్రీ బాబాయ్. "ఎలా సరిపోయాయి?"

"అదీ అడగాల్సిన మాట! పైవాడి దయ ఉంటే లెక్కలు పనిచెయ్యవురా. ఒక కుర్చీ మడత విప్పితే దాని ఒళ్లో ఇంకోటి, దాని ఒళ్లో ఇంకోటి! వేసుకుంటూ పోతే రైలుకట్ట వచ్చింది. రైలాగింది. ఇంజను డ్రైవరు దిగి, 'ఏమండీ, ఇక్కణ్ణుంచి కనబడుతుందా?' అని అడిగి కూర్చున్నాడు. ఇంతలో ఆకాశంలో ఒక నల్లమబ్బు, ఉరుముకుంటూ పార్కు మీదికి రాబోయింది. 'ఆగు' అన్నా. 'రసీదేదీ?' అన్నా. మొహం మాడ్చుకుంది. పక్క వీధిలోకెళ్లి అక్కడ కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ వీధిలో ఎవరినైనా అడగండి, ఆ రోజు మోకాటిలోతు నీళ్లు!"

ఇరవై ఒకటి.

"సాయంత్రమైంది. నీడ గోడ దూకి పక్క బళ్లోకి పోబోతోంది. నా పేర రాసిన నీడ! పోనిస్తానా? పైకి చూసి, 'సూరీడూ, ఓ గంట ఆగు నాయనా' అని దణ్ణం పెట్టాను. ఆగాడు!"

"ఆగాడూ?"

"ఆగడా మరి? కాగితం మీద ఉంది కదా! కానీ అటు అవతలి దేశంలో తెల్లారాలిగా. ఫోను మీద ఫోను. 'అయ్యా, మీ దగ్గర సూరీడు చిక్కుబడిపోయాడట, ఇక్కడ కోళ్లు కూసి కూసి గొంతు బొంగురుపోయి...'"

గొంతు అన్న మాట దగ్గర మామయ్య నాలుక తడబడింది. తన కోతే తనకి కోసుకుంది. చూపు ఒకసారి గుంపు మీదుగా తిప్పాడు. ఇరవై ఆరు. బడి తల్లుల పక్కనున్న పిల్లల్ని వదిలేసి, పెద్దవాళ్లే ఇరవై ఆరు. టీకొట్టు గోడ మీద గడియారం నాలుగుంపావు.

ఇదే సమయం. ఇప్పుడాపాలి. ఇప్పుడు కాగితం తీసి, అయ్యా, అమ్మా, అనాలి. చెయ్యి జేబు దాకా వెళ్లింది. స్వామీ, ఒక్క నిజం మాట నా నోట పలికించు, అని లోపల్లోపల మొక్కుకున్నాడు కూడా. కానీ ఇరవై ఆరు మొహాలు నవ్వడానికి సిద్ధంగా ఎదురుచూస్తున్నాయి. ఈ నవ్వు ఆరిపోతే వీళ్లు వెళ్లిపోతారు. భార్య కోసం ఒక చిన్న సాయం అని అడిగితే అది కూడా ఒక కోత అనుకుని, గ్లాసులు కడిగే తొట్టిలో పడేసి ఎవరి దారిన వాళ్లు పోతారు. ఆ భయంతో చెయ్యి జేబు మీదే ఉండిపోయింది. నోరు మాత్రం ముందుకి పోయింది.

"ఉన్నవాళ్లే కాదు" అన్నాడు, గొంతు కాస్త దించి. "పోయినవాళ్లు కూడా వచ్చారు."

గుంపు సద్దుమణిగింది.

"మా అమ్మ వచ్చింది. మొదటి వరసలో కూర్చుంది. పక్క కుర్చీ మీద సంచి పెట్టి, ఎవరొచ్చినా 'ఇక్కడ మనిషున్నారండీ' అంటోంది."

"ఎవరికి ఆపింది?" మెల్లగా అడిగింది టీ అక్క.

"మా నాన్నకి. ఎప్పటిలాగే ఆయన ఆలస్యం."

ఎవరో నవ్వబోయి మానుకున్నారు. పొయ్యి మీద పాలు పొంగి మంటలో పడ్డాయి. అక్క చూసుకోలేదు.

"ఆఖరికి కుర్చీలన్నీ నిండాయి. చూస్తే గేటు దగ్గర, అందరి వెనకాల, ఎవరో నిలబడి ఉన్నారు. ఎవరా అని దగ్గరికెళ్లాను. ఎవరనుకున్నారు? దేవుడు! సాక్షాత్తూ దేవుడు, చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నాకు కాళ్లు ఆడలేదు. ఒక్క పరుగున ఇంటికెళ్లి, మిగిలిన ఒక్క కుర్చీ నెత్తిన పెట్టుకొచ్చి, కండువాతో తుడిచి, 'కూర్చో స్వామీ' అన్నాను. ఆయనేమన్నాడో తెలుసా? 'నాకు నిలబడటం అలవాటేనయ్యా. ముందు అరుగు మీద ఆవిడకి వెయ్యి. ఎంతసేపని నిలబడి పాడుతుంది?' అన్నాడు."

"ఆవిడెవరు?" అంది కండక్టరమ్మ.

మామయ్య నాలుక కరుచుకున్నాడు. జారిపోయింది మాట.

"అవును, ఆవిడెవరు?" "పాటేంటి?" "సూరీణ్ణి ఆపింది ఎవరి పాట కోసం?" నాలుగువైపుల నుంచీ అందుకున్నారు. "చెప్పలేడర్రా, ఇక్కడి దాకా అల్లలేదు ఇంకా!" అన్నాడు ఇస్త్రీ బాబాయ్.

"అల్లడమా! నేనా!" మామయ్యకి రోషం పొడుచుకొచ్చింది. ఏం చేస్తున్నాడో తెలియలేదు. జేబులోంచి కాగితం లాగి గాల్లో ఆడించాడు. "ఇదిగో! పార్కువాళ్ల కాగితం! ముద్రతో సహా! ఇప్పుడు నమ్ముతారా?"

రోజుకి వెయ్యిమంది టికెట్లు చూసే చెయ్యి కదా, అలవాటుగా ముందుకి చాపింది కండక్టరమ్మ. ఇంకెవరైనా అయితే మామయ్య ఇచ్చేవాడు కాదు. కానీ ఆ చెయ్యి చాపిన తీరుకి ఎవరైనా టికెట్ ఇచ్చేస్తారు. ఇచ్చేశాడు.

ఆవిడ మడతలు విప్పింది. చదివింది. కాగితం దూరంగా పట్టుకుని మళ్లీ చదివింది.

"మామయ్యా, దేవుడొచ్చి వెళ్లింది ఏ రోజన్నావు?"

"మొన్నామధ్య."

"ఇక్కడ తేదీ వచ్చే ఆదివారం అనుంది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక టీకొట్టు రేకుల కప్పు అదిరిపోయింది. "ఇంకా రాని ఆదివారం అప్పుడే వచ్చి వెళ్లిపోయాడా దేవుడు!" "రైలు డ్రైవరు పాపం ఇంకా దిగనేలేదు!" ఇస్త్రీ బాబాయ్ కడుపు పట్టుకుని బల్ల మీద కూలబడ్డాడు. "పాతికమంది సంతకాలు కావాలట, ఒక్కటీ లేదు!" అంది కండక్టరమ్మ తనూ నవ్వుతూ. "అన్ని వేలమంది వచ్చారు, ఒక్కడి దగ్గరా పెన్ను లేదా మామయ్యా? రైలుకట్ట దాకా..."

ఆవిడ మాట మధ్యలో ఆగిపోయింది. చూపు ఇంకో వరస కిందికి దిగింది. నవ్వుతున్నవాళ్లు ఒక్కొక్కరే ఆవిడ మొహం చూసి ఆగారు.

"సందర్భం అన్నచోట, 'నా భార్య పాట' అని రాసుంది" అందావిడ.

మామయ్య ఎండలో తన చెప్పుల వంక చూస్తున్నాడు. "బుధవారం దానికి ఆపరేషను" అన్నాడు. "గొంతుకి. ఈలోపు నలుగురి ముందూ పాడాలంది. కౌంటరు అయిదింటికి మూస్తారు." ఇంకేదో అనాలని చూశాడు. లేదు. చెప్పడానికి అంతే ఉంది.

కాగితం వైపు ఎవరూ చెయ్యి చాపలేదు. నమ్మాలని లేక కాదు. ఇన్నేళ్లూ ఈ నోటి నుంచి విన్నవి అలాంటివి మరి. ఒకసారి పులిని బండికి కట్టానన్నాడు, ఒకసారి ఉప్పెనకి ఎదురెళ్లి ఈదానన్నాడు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కొట్టు గడియారం టక్ టక్‌మంటోంది.

చివరికి ఇస్త్రీ బాబాయ్ బల్ల మీంచి లేచాడు. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు ఇంకా ఆరలేదు.

"మామయ్యా, ఒక్క మాట. అత్తయ్య పాడుతుందని ఈ పేటలో ఎవరికీ తెలీదే. మీ గోడ పక్కనే ఉంటాను, నేనెప్పుడూ వినలేదు. ఇదైనా నిజమేనా?"

"నిజమే."

"అయితే చెప్పు. ఎలా పాడుతుంది అత్తయ్య?"

గుంపంతా ముందుకి వంగింది. ఇదీ మామయ్యకి సరైన అదను. ఇక మొదలవుతుందనుకున్నారు: ఆవిడ పాడితే రాళ్లు కరుగుతాయంటాడు, ఏరు వెనక్కి తిరుగుతుందంటాడు, పాము పడగ దించి నిద్రపోతుందంటాడు. మామయ్య నోరు తెరిచాడు. గోడకి చెవి ఆనించి విన్న ముప్ఫై ఏళ్లూ గొంతులోకి వచ్చి నిలబడ్డాయి. మిషను చప్పుడు వెనకాల ఎక్కడో, సన్నగా, తీగలా సాగే ఆ గొంతు. ఒక్కసారైనా, ఒక్క పాటైనా, ఆ చప్పుడు లేకుండా వినాలని.

"బాగా పాడుతుంది" అన్నాడు.

"అంతేనా?" అన్నాడు బాబాయ్.

"అంతే. బాగా పాడుతుంది."

కండక్టరమ్మ గడియారం వంక చూసింది. కాగితాన్ని టీకొట్టు బల్ల మీద పరిచి, అరచేత్తో మడతలు సాపు చేసి, చెవి మీంచి పెన్ను తీసి, మొదటి గీత మీద తన పేరు రాసింది. తర్వాత గుంపు వైపు తిరిగి, నిండిన బస్సులో అరిచే గొంతుతో అరిచింది.

"ముందుకి జరగండి, ముందుకి జరగండి. వెనకాల ఇంకా చాలామందున్నారు."